నెల తక్కువ, బరువు తక్కువ: పాలమూరు, నల్లగొండ మెట్టసీమల్లో శిశువు పుట్టుబరువు

తెలుగు వ్యవహారంలో ‘నెల తక్కువ బిడ్డ’ అనే మాట స్థిరపడింది. నెలలు నిండినా ఎదుగుదల చాలక చిన్నగా పుట్టిన బిడ్డకు అంత స్పష్టమైన పేరు లేదు. వైద్యశాస్త్రం ఈ రెండింటినీ వేరుచేస్తుంది. పుట్టుబరువు 2.5 కిలోలకు తగ్గితే అది తక్కువ బరువు. అన్నే వారాలకు పుట్టిన శిశువులతో పోల్చినప్పుడు బరువులో అడుగు పదిశాతంలో ఉంటే అది కాలానికి తగని ఎదుగుదల. 34 వారాలకు పుట్టిన రెండు కిలోల బిడ్డ కాలానికి తగినట్టే ఉండవచ్చు. నెలలు నిండి పుట్టిన బిడ్డ కూడా రెండు కిలోలే ఉంటే గర్భంలోనే లోటు జరిగిందని అనుమానించాలి.

ఆ లోటుకు దారితీసేవి పలు కారణాలు: తల్లి రక్తహీనత, గర్భానికి ముందునుంచే తక్కువ బరువు, చిన్న వయసులో గర్భం, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, అధిక రక్తపోటు, పొగాకు, కట్టెల పొయ్యి పొగ. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని గర్భిణికి తిండి తగ్గించే ఆచారమూ ఉంది. దీన్ని మూఢత్వమని తోసిపుచ్చడం తేలిక. శస్త్రచికిత్స అందుబాటులో లేని కాలంలో అది ప్రాణభయం నేర్పిన జాగ్రత్త.

హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987–90 మధ్య జరిగిన ప్రయోగం ఇక్కడ గమనార్హం. వాటిలో కొన్నింట గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందించారు. ఆ ఊళ్లలో పుట్టినవారు కౌమారంలో మిగతా ఊళ్లవారికంటే సుమారు 14 మిల్లీమీటర్లు పొడవున్నారని 2008లో వెలువడిన పరిశీలన తెలిపింది.

నల్లగొండ అనగానే ఫ్లోరోసిస్ స్ఫురిస్తుంది. మర్రిగూడ ప్రాంతంలో ఎముకలు వంకరపోవడానికి నీటిలోని ఫ్లోరైడ్ కారణమన్నది నిర్వివాదం. పుట్టుబరువు తగ్గడానికీ దాన్నే మూలంగా చూపడం మాత్రం తొందరపాటు. రక్తహీనతకున్నంత బలమైన ఆధారం దానికి లేదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ప్రధానంగా చూడవలసింది వలస. గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టలకూ రోడ్ల పనులకూ వెళ్లే ‘పాలమూరు లేబర్’లో స్త్రీలూ ఉంటారు. మట్టితట్టలు మోసే శ్రమకు తగిన తిండి అక్కడ దొరకదు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికి అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట భోజనం ఏర్పరచింది. ఆ భోజనం అంగన్‌వాడీలో కూర్చుని తినాలి. పేరు ఊళ్లో ఉంటుంది, మనిషి పనిచోట ఉంటుంది. తొలి నెలల్లో పరీక్ష జరగకపోతే గర్భం వయసూ తేలదు. అట్టి కాన్పులో తక్కెడ రెండు కిలోలు చూపినా, బిడ్డ నెల తక్కువో ఎదుగుదల తక్కువో నిర్ధారించడం వైద్యునికి కష్టమవుతుంది.