మీ వికీకి తెలుగు వచ్చా?

రెజ్యుమెలో అందరూ రాసే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ చూసి విసిగిపోయిన ఇంటర్వ్యూయర్‌ను ఆపి, నాలుగు ప్రశ్నలు అడిగించే ప్రాజెక్టు కావాలా? చిన్న వికీ టూల్‌కు మార్కప్ సపోర్టు జోడించి చూడండి.

కడియం, కడియపులంక నర్సరీలనే ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో మొక్కకు ఒక్కో పేజీ. ఎండ ఎంత కావాలి, నీరు ఎప్పుడు పోయాలి వంటివి అక్కడ పనిచేసేవారే రాయాలి. వాళ్లను హెచ్‌టీఎంఎల్ ట్యాగులు నేర్చుకోమంటే కుదరదు కదా! శీర్షికకు ముందు ఒక హ్యాష్, బోల్డ్‌కు అటూ ఇటూ రెండేసి స్టార్లు చాలు. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్ చేసేది ఇదే.

మొదలెట్టేదిలా..

పార్సర్ సొంతంగా రాయక్కర్లేదు. పైథాన్‌లో అయితే ‘పైథాన్-మార్క్‌డౌన్’ లాంటి లైబ్రరీ వాడండి. యూజర్ టైప్ చేసిన టెక్స్ట్‌నే డేటాబేస్‌లో దాచండి. పేజీ చూపించేటప్పుడే హెచ్‌టీఎంఎల్‌గా మార్చండి. అప్పుడే ఎవరైనా మళ్లీ ఎడిట్ చేయగలరు.

అసలు చిక్కు ఇక్కడే

1995లో వార్డ్ కనింగ్‌హామ్ తెచ్చిన తొలి వికీలో, పెద్దక్షరాలతో మొదలయ్యే రెండు మాటలు కలిపి రాస్తే లింక్ అయ్యేది. తెలుగులో పెద్దక్షరాలు లేవు! అందుకే జంట చదరపు బ్రాకెట్ల పద్ధతి మనకు నప్పుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో లింకులు ఇచ్చేదీ ఇలాగే.

అయినా ఇంకో మెలిక ఉంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో అక్షరాల కోసం వాడే ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ మన గుణింతపు గుర్తులను, సున్నాను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు. దానికి సరిపోలనివన్నీ తీసేస్తే ‘గులాబీ’ కాస్తా ‘గలబ’, ‘కడియం’ కాస్తా ‘కడయ’ అవుతాయి. ఇంగ్లిష్ పేజీలతో టెస్ట్ చేస్తే ఈ బగ్ కనిపించదు. లింక్ గుర్తించేటప్పుడు ‘అక్షరాలే ఉండాలి’ అనే బదులు ‘మూసే బ్రాకెట్ వచ్చేదాకా ఏదైనా’ అని రాస్తే సరి.

తలుపు వేయడం మరవొద్దు

మార్క్‌డౌన్ మధ్యలో హెచ్‌టీఎంఎల్ కూడా రాయొచ్చు. అంటే ఎవరైనా పేజీలో స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే అది చూసేవారందరి బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. దీన్నే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. మార్క్‌డౌన్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చాక, అనుమతించిన ట్యాగులు మాత్రమే మిగిలేలా శానిటైజర్‌తో వడకట్టండి. ముందు వడకట్టి తర్వాత మారిస్తే, మార్పిడిలో పుట్టే ప్రమాదకర లింకులు తప్పించుకుంటాయి.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

‘మార్క్‌డౌన్ వాడాను’ అని ఆపేయకండి. టెక్స్ట్‌ను అలాగే ఎందుకు దాచారు, వడకట్టడం చివర్లో ఎందుకు, ‘గులాబీ’ ఎందుకు విరిగింది.. ఈ మూడూ సొంత మాటల్లో చెప్పండి. గిట్‌హబ్‌లో కోడ్‌తో పాటు తెలుగు పేర్లతో రాసిన టెస్టులూ ఉంచండి. యూనికోడ్, సెక్యూరిటీ, టెస్టింగ్ మీకు తెలుసని రెజ్యుమెలో రాసుకోవడం కాదు, చూపించినట్టవుతుంది.