మైకు చేతికిస్తే నోరెండిపోతోందా?

ఆదోనిలో ఓ పెళ్లి రిసెప్షన్. మీరు భోజనాల వరస ఖాళీ అవుతుందేమోనని చూస్తున్నారు. ఇంతలో పెళ్లికూతురి మేనమామ వచ్చి ‘మన సార్ రెండు ముక్కలు మాట్లాడతారు’ అంటూ మైకు మీ చేతిలో పెట్టేశాడు. గుండె దడదడ. నాలుక పిడచకట్టుకుపోతుంది. ‘అందరికీ నమస్కారం... పిల్లలు చల్లగా ఉండాలి’ అని దిగిపోతారు. చెప్పాల్సిన మంచి మాటలన్నీ రాత్రి పడుకున్నాక గుర్తొస్తాయి, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

పెళ్లిలో తడబడితే పోయేదేం లేదు. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చినప్పుడు తేమ శాతం ఎంత వచ్చిందని అడగలేకపోతే? ఎమ్మిగనూరు నుంచి బెంగళూరుకు ఇంటర్వ్యూకెళ్లిన అబ్బాయి, అనుకోని ప్రశ్నకు బిగుసుకుపోతే? నష్టం అక్కడ ఉంది.

ఒంట్లో జరిగేదేమిటి?

పదిమంది కళ్లు ఒక్కసారి మనవైపు తిరిగితే మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు చెమర్చుతాయి, నోట్లో తడి ఆరిపోతుంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1993లో దీనికో పరీక్ష రూపొందించారు. ముఖంలో నవ్వన్నది లేకుండా కూర్చున్న వాళ్ల ముందు కాసేపు మాట్లాడాలి. ఆ తర్వాత ఓ పెద్ద సంఖ్య నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఒత్తిడి హార్మోను కార్టిజాల్ బాగా పెరిగింది. కాబట్టి దడ మీ ఒక్కరి పిరికితనమేమీ కాదు.

మొదటి పది సెకన్లు

దడ పూర్తిగా పోయాక మాట్లాడదామనుకుంటే ఎప్పటికీ మాట్లాడలేం. అది ఉండగానే మొదటి పది సెకన్లు గడిపేస్తే చాలు. ముందు ఊపిరి నెమ్మదిగా వదలండి. పీల్చిన దానికన్నా వదిలే సమయం ఎక్కువుండాలి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. గబగబా గట్టిగా పీలిస్తే మాత్రం కళ్లు తిరిగే ప్రమాదముంది.

తర్వాతి ఉపాయం మన అష్టావధానంలో ఉంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు పద్యం మధ్యలో సంబంధం లేని ప్రశ్న విసురుతాడు. చాలామంది అవధానులు ఆ ప్రశ్నను తమ మాటల్లో మళ్లీ ఓసారి చెప్పి, ఆ తర్వాత చమత్కారంగా జవాబిస్తారు. ‘మీరడిగేది ఫలానా విషయం గురించే కదా’ అని మనమూ అనొచ్చు. అందులో తప్పు లేదు, ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. ఆపైన ఒకే ఒక్క వాక్యం. పెళ్లిలోనైతే ఆ అమ్మాయి చిన్నప్పటి సంగతి ఒకటి చాలు.

‘ప్రశాంతంగా ఉన్నాను’ అని సర్దిచెప్పుకోవడం కన్నా ‘ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవారు బాగా మాట్లాడారని 2014లో వచ్చిన హార్వర్డ్ పరిశోధకురాలి అధ్యయనం చెబుతోంది. ఇంకో మాట. మన వణుకు మనకు తెలిసినంతగా ఎదుటివారికి కనిపించదు.

ఈ ప్రాంతంలో ఇంకో జంకు ఉంది: యాస. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఇంట్లో కన్నడం, వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు వినిపించే ఊళ్లివి. మూడు భాషలు అర్థమయ్యే పిల్లాడు ‘నా మాట బాగోదు’ అని నోరు మూసుకోవడం విడ్డూరమే. వచ్చిన భాషలో ధైర్యంగా మొదలుపెట్టనివ్వండి.

డాక్టరు గదిలో

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. గంటసేపు బయట కూర్చుని, లోపలికెళ్లగానే సగం మర్చిపోతాం. ‘ఇంకేమైనా ఉందా?’ అంటే ‘ఏం లేదు సార్’ అంటాం. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందన్న సంగతి అలాగే మిగిలిపోతుంది. బాధ ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఏ మందులు వాడుతున్నాం, అసలు భయం దేని గురించి... చీటీ మీద రాసుకెళ్లండి. చీటీ చూసి చెబితే ఏ డాక్టరూ నవ్వరు. లేచాక గుర్తొస్తే ‘ఒక్క నిమిషం సార్, ఇంకోటి ఉంది’ అనండి.

పిల్లల విషయంలో మనమే రెండు పొరపాట్లు చేస్తాం. చుట్టాలు రాగానే ‘అంకుల్‌కు పద్యం చెప్పు’ అని ముందుకు తోస్తాం. ఎవరైనా పేరడిగితే వాళ్ల బదులు మనమే చెప్పేస్తాం. దానికన్నా కిరాణా కొట్లో చిల్లర వాళ్లనే అడగనివ్వండి.

చికిత్స ఎప్పుడు?

నలుగురిలోకి వెళ్లాల్సి వస్తుందని కాలేజీ మానేయడం, శుభకార్యాలకు ముఖం చాటేయడం నెలల తరబడి సాగుతుంటే అది సాధారణ బెరుకు కాదు, సోషల్ యాంగ్జైటీ కావచ్చు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. ఎవరో చెప్పారని ఇంటర్వ్యూకు ముందు ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఫోన్ చేయడానికీ బెరుకైతే, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని కలపండి.