కంప్యూటరు తెరపై అంతరిక్షయానం

1969 జూలై 20వ తేదీన ఇద్దరు అమెరికన్లు చంద్రునిపై దిగారు. ఆ సంవత్సరంలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ పట్టణంలో జిమ్ స్టోరర్ అనే హైస్కూలు విద్యార్థి, ఆ దిగడాన్ని అనుకరించే కంప్యూటరు ప్రోగ్రాము ఒకటి రాశాడు. అందులో బొమ్మ అన్నది ఒక్కటీ లేదు. టెలిటైపు యంత్రం కాగితం మీద అంకెలు అచ్చువేసేది, అంతే. 120 మైళ్ళ ఎత్తు, గంటకు 3600 మైళ్ళ వేగం, 16,000 పౌనుల ఇంధనం: ఇవి ఆరంభపు లెక్కలు. సెకనుకు ఎన్ని పౌనుల ఇంధనం మండించాలో పది సెకన్లకొకసారి ఆడేవాడు చెప్పాలి. ఏమీ మండించకుండా ఊరుకుంటే రెండు నిమిషాల్లో నౌక నేలకు కొట్టుకుంటుంది. గంటకు 3600 మైళ్ళంటే సెకనుకు ఒక మైలు గదా!

ఈ ఆటలో ఒక చక్కని భౌతిక సత్యం దాగి ఉంది. ఇంధనం ఖర్చయిన కొద్దీ నౌక తేలిక అవుతుంది. కనుక మొదట్లో వేగాన్ని కొద్దిగా తగ్గించిన మంటే చివరికి వచ్చేసరికి మరింత గట్టిగా తగ్గిస్తుంది. విద్యార్థి ఈ సంగతిని సూత్రంగా చదవకపోయినా, నాలుగైదుసార్లు నౌకను పగులగొట్టుకున్న మీదట అది అతనికి తెలిసివస్తుంది. అంతరిక్షానుకరణ ప్రోగ్రాములు వాడేవారు ముఖ్యంగా కోరేది ఇదే. తాము చేసిన పనికి నిజమైన అంతరిక్షంలో ఏ ఫలితం వస్తుందో, తెరమీదా అదే ఫలితం రావాలి.

నేడు ఇట్లాంటి ప్రోగ్రాములు అనేకం ఉన్నాయి. వాటిని వాడేవారి అవసరాలూ వేరువేరు. ఫలానా ఊరిలో, ఫలానా రాత్రి, ఫలానా వేళకు ఏ నక్షత్రం ఎక్కడుంటుందో తెలియాలనుకునేవారికి స్టెల్లేరియం ఉంది. గ్రహణాలను బోధించే ఉపాధ్యాయునికి ఇంత అనువైన సాధనం అరుదు. నక్షత్రాల మధ్యకు ఎగిరి చూడాలనుకునేవారికి సెలెస్టియా ఉంది. నౌకను స్వయంగా నడపగోరేవారికి 2000లో మార్టిన్ ష్వైగర్ వెలువరించిన ఆర్బిటర్ ఉంది. రాకెట్టును కట్టి, పేల్చి, మళ్ళీ కట్టుకునేవారికి 2011లో వచ్చిన కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం ఉంది. చిక్కంతా చివరి రెండు రకాలతోనే.

భూమి చుట్టూ సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగంతో తిరిగే ఉపగ్రహాన్ని తీసుకోండి. కంప్యూటరు దాని దారిని చిన్నచిన్న అంగలుగా లెక్కిస్తుంది. అంగ పది సెకన్లు అనుకుంటే, ఉపగ్రహం అప్పటికి ఉన్న దిశలో 78 కిలోమీటర్లు తిన్నగా ముందుకు జరుగుతుంది. కాని అసలు దారి వృత్తం. వృత్తాన్ని తాకే సరళరేఖపై 78 కిలోమీటర్లు పోతే, వృత్తం నుండి సుమారు 450 మీటర్లు బయటికి పోయినట్లే. పైథాగరసు సిద్ధాంతంతో ఏ విద్యార్థి అయినా దీన్ని సరిచూడవచ్చును. భూకేంద్రం నుండి దూరం 6,700 కిలోమీటర్లుగా తీసుకుంటే చాలు. ఒక్క చుట్టుకు సుమారు గంటన్నర, అంటే 540 అంగలు. తప్పు ప్రతిసారీ బయటివైపుకే కాబట్టి ఉపగ్రహం ఎవరూ తోయకుండానే భూమికి దూరమవుతూ పోతుంది.

అంగను చిన్నది చేస్తే తప్పు తగ్గుతుంది, లెక్కలు పెరుగుతాయి. ఇంతకంటె తెలివైన మార్గం వేరే ఉంది. స్థానాన్ని అంగ మొదటి వేగంతో గాక, అంగ మధ్యలో ఉండే వేగంతో జరపాలి. ఇంత చిన్న మార్పుతో తప్పులు ఒకేవైపుకు పోగుపడవు. ఉపగ్రహం శక్తి పెరుగుతూ పోక, కొద్దిగా అటూ ఇటూ ఊగుతూ నిలిచి ఉంటుంది.

రెండవ చిక్కు అంకెలది. కంప్యూటరు ఆటలలో మామూలుగా వాడే 32 ద్విసంఖ్యాస్థానాల సంఖ్య సుమారు ఏడు అంకెల వరకే నమ్మదగినది. భూమికి, సూర్యునికి మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. మీటర్లలో రాస్తే పన్నెండంకెల సంఖ్య. సూర్యుని వద్దనుండి కొలుస్తూ భూమి దగ్గరి నౌక స్థానాన్ని ఇట్లాంటి సంఖ్యతో రాస్తే, అది సుమారు 16 కిలోమీటర్ల గంతులతో గాని కదలదు! కెర్బల్ ఆట తొలిరోజుల్లో దూరం పోయిన నౌకలు ఈ కారణం వల్లనే ఊగి, విరిగిపోయేవి. ఆడేవారు ఈ తప్పుకు క్రాకెన్ అని కట్టుకథల సముద్రరాక్షసి పేరు పెట్టారు. నౌకనే కేంద్రంగా చేసి, విశ్వాన్నంతా దాని చుట్టూ జరపడమే దీనికి దొరికిన విరుగుడు. కోపర్నికసు వింటే ఏమనేవాడో గాని, లెక్క మాత్రం కుదిరింది.

ఇన్ని తంటాలు ఎందుకంటే, కక్ష్యలలో మన సహజబుద్ధి పనిచేయదు. 1965 జూన్‌లో జెమినై-4 నౌకలో ఉన్న మెక్‌డివిట్, తమను మోసుకువచ్చిన రాకెట్టు రెండవ దశను చేరుకోవాలని నౌకను దానివైపు తోశాడు. దగ్గర కావడానికి బదులు అది దూరమైంది. ఇంధనం తరిగిపోవడంతో ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. వేగం పెంచితే కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు తిరగడానికి ఎక్కువ సేపు పడుతుంది, అందుచేత వెనకబడతాం. ముందున్నదాన్ని పట్టుకోవాలంటే మొదట వేగం తగ్గించి కింది కక్ష్యకు దిగాలి. ఈ మాటను నల్లబల్ల మీద రాస్తే విద్యార్థి ఒప్పుకుంటాడు గాని నమ్మడు. ఆర్బిటర్‌లో ఒక్కసారి రెండు నౌకలను కలపడానికి కూర్చుంటే నమ్ముతాడు.

అయితే వాడేవారికి ఓపిక కూడా ఒక హద్దు వరకే ఉంటుంది. అంగారకునికి తక్కువ ఇంధనంతో పోవాలంటే సుమారు 260 రోజులు పడుతుంది. అన్నాళ్ళు తెర ముందు ఎవరు కూర్చుంటారు? కనుక కాలాన్ని వేగంగా నడిపే మీట కావాలి. కెర్బల్ రూపకర్తలు ఇందుకోసం సత్యంలో కొంత తగ్గించారు. ఆటలోని గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లే. అందువల్ల కక్ష్యకు చేరడానికి సెకనుకు 2.3 కిలోమీటర్ల వేగం చాలు. ఇది హాని చేయని సవరణ, సూత్రాలు చెడలేదు. కాని మరొకటి ఉంది. ఆ ఆటలో నౌకను ఒక్కసారికి ఒక్క గోళమే ఆకర్షిస్తుంది. దీనివల్ల దారి ముందుగానే తెలిసిన వక్రరేఖ అవుతుంది. కాలాన్ని లక్షరెట్లు వేగంగా నడిపినా తప్పు రాదు.

దీనివల్ల పోయినదేమిటో శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1ను చూస్తే అర్థమవుతుంది. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుని ఆకర్షణా భూమి ఆకర్షణా కలిసి పనిచేయడం వల్ల ఏర్పడిన స్థానం చుట్టూ తిరుగుతున్నది. ఒకేసారి ఒక్క ఆకర్షణనే ఎరిగిన ఆటలో ఇట్లాంటి స్థానమే ఉండదు. ఆదిత్యను అక్కడ నిలపడం అసాధ్యం. ఇందుకు తృప్తిపడనివారు కొందరు ప్రిన్సిపియా అనే అనుబంధాన్ని తామే తయారుచేసి, అన్ని గోళాల ఆకర్షణనూ కలిపి లెక్కించే ఏర్పాటు చేశారు. దానితో ఎల్1 వద్ద నౌకను నిలపవచ్చును గాని, వదిలేస్తే మెల్లగా జారిపోతుంది. అప్పుడప్పుడు ఇంజను వెలిగించి సరిదిద్దాలి. ఆదిత్య కూడా 178 రోజుల తన మొదటి చుట్టులో మూడుసార్లు ఇట్లాగే సరిదిద్దుకోవలసి వచ్చింది.