చెవి లోతుల్ని చూసిన సీటీ

చెవి వెనక వేలితో నొక్కితే గట్టిగా తగిలేది టెంపోరల్ ఎముక. దాని లోపలి భాగం ఒంట్లోని ఎముకలన్నిటిలోకీ గట్టివాటిలో ఒకటి. శబ్దాన్ని మోసే బుల్లి ఎముకలు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి, వినికిడికి మూలమైన కర్ణావర్తం, తూలిపోకుండా నిలబెట్టే అర్ధవర్తుల కుల్యలు, ముఖాన్ని కదిలించే నాడి అన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి. కర్ణాంతరాస్థి పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే. మామూలు ఎక్స్‌రేలో ఇవన్నీ ఒకదానిమీద ఒకటి పడి కలగలిసిపోతాయి.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలతోనే పొరపొరగా చూపే సీటీ యంత్రం మొదటిసారి ఒక రోగి తలను పరీక్షించింది. దాన్ని రూపొందించినవాడు ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. యంత్రం తల చుట్టూ 180 కోణాల నుంచి, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు తీసింది. కంప్యూటరు వాటిని లెక్కగట్టి అడ్డం 80, నిలువు 80 గడుల బొమ్మ గీసింది. ఈ ఆవిష్కరణకు 1979లో హౌన్స్‌ఫీల్డ్, అలన్ కార్మాక్ నోబెల్ పంచుకున్నారు.

ఆ బొమ్మలో గడి వెడల్పు 3 మిల్లీమీటర్లు, పొర మందం 13. ఒక గడిలో ఎముక, గాలి రెండూ ఉంటే యంత్రం వాటి సగటునే చూపిస్తుంది. మెదడులో గడ్డను పట్టుకోవడానికి అది చాలింది. చెవికి చాలలేదు. కర్ణాంతరాస్థి ఆ సగటులోనే కరిగిపోయేది.

గడిని చిన్నది చేయడమే ఆ తర్వాతి కథ. 1980ల మొదట్లో పొర మందం 1.5 మిల్లీమీటర్లకు దిగింది. ఎముక అంచుల్ని పదునుగా చూపే గణన పద్ధతులు తోడయ్యాయి. 1989లో జర్మనీకి చెందిన విల్లీ కాలెండర్ బృందం, రోగి పడుకున్న బల్ల ముందుకు సాగుతుండగానే ఎక్స్‌రే గొట్టం తిరిగే స్పైరల్ సీటీని చూపించింది. ఇప్పుడు పొర మందం అర మిల్లీమీటరుకు, ఇంకా తక్కువకూ దిగింది. అందుకే ఒక్కసారి తీసిన స్కాన్‌ను డాక్టరు ఏ కోణంలోనైనా కోసి చూడగలుగుతున్నారు.

ఈ సన్నని పొరలు ఓ కొత్త జబ్బునే బయటపెట్టాయి. పెద్ద శబ్దం వింటే కళ్లు తిరిగే కొందరిలో, పై అర్ధవర్తుల కుల్య మీద ఉండాల్సిన ఎముక లేదని 1998లో అమెరికా వైద్యుడు లాయిడ్ మైనర్ బృందం సీటీ సాయంతో తేల్చింది. పొర మందంగా ఉంటే పల్చటి ఎముక ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. కాబట్టి ఈ నిర్ధారణకు సన్నని పొరలు తప్పనిసరి.

పుట్టు చెవుడున్న బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చే ముందు కర్ణావర్తం సరిగా ఏర్పడిందా, ముఖ నాడి ఏ దారిన పోతోందన్నది సీటీ చూపిస్తుంది. వినికిడి నాడిని మాత్రం ఎంఆర్ఐలోనే చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో పిల్లలకు ఈ శస్త్రచికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో ఉంది. అయితే తల్లిదండ్రులు ఆలస్యం చేస్తే ఎంత గొప్ప యంత్రమైనా పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు. చప్పుడుకు ఉలిక్కిపడని, పిలిస్తే తిరిగి చూడని పసిబిడ్డకు ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. సీటీలో రేడియేషన్ ఉంటుంది కనుక అది అవసరమా కాదా అన్నది చెవి డాక్టరుకు వదిలేయండి.