కల్పనాలోకంలో దేశవిరోధం, ఆగమవిరోధం : ఒక పరిశీలన

తెనాలి సమీపంలోని సంగం జాగర్లమూడి పేరు వినగానే ఏ నదుల సంగమమన్న ప్రశ్న తలెత్తుతుంది. నేడు అక్కడ ప్రధానంగా కనిపించేవి కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు. వాటికి ఆధారమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. ఊరిపేరు అంతకు ముందటి వాగులను స్మరిస్తున్నదా, సంగమేశ్వరాలయం నుండి వచ్చిందా అన్నది తేల్చడానికి పరిశోధకుడు శాసనాలను, పాత పటాలను, చివరకు నేలనే ఆశ్రయించవచ్చు. పేరుకూ పటానికీ పొంతన కుదరనప్పుడు తీర్పు చెప్పడానికి బయట ఒక భూమి ఉంది.

కల్పిత లోకానికి అటువంటి భూమి లేదు. దండి కావ్యాదర్శం తృతీయ పరిచ్ఛేదంలో దేశ, కాల, కళా, లోక, న్యాయ, ఆగమ విరోధాలను కావ్యదోషాలుగా చెప్పాడు. కవి కౌశలం వల్ల ఇవే గుణాలు కాగలవని కూడా అక్కడే అంగీకరించాడు. మలయపర్వతం మీద ఏ చెట్లుంటాయో లోకానికి తెలుసు కనుక అక్కడ దేశవిరోధాన్ని పట్టుకోవచ్చు. లోకంలో లేని దేశాన్ని వర్ణించినప్పుడు ఆ దేశం గురించి రచన తానే ముందు చెప్పిన మాట మాత్రమే ప్రమాణం. అంటే కల్పనాలోకంలో ప్రతి దేశవిరోధమూ నిజానికి ఆగమవిరోధమే.

అయితే పైకి విరోధంగా కనిపించేదంతా విరోధం కాదు. వీడియో గేమ్‌లో ఒక రాజ్యాన్ని ఆటగాడు గంటలోపే నడిచి దాటేయడాన్ని చాలామంది లోపంగా ఎంచుతారు. యక్షగానంలో పాత్ర రంగస్థలం మీద ఒక చుట్టు తిరిగితే దేశాంతరం చేరినట్లు ఒప్పుకొనే ప్రేక్షకుడికి ఇది కొత్త కాదు. ఇది సంకేతం, దీన్ని చర్చించి కాలయాపన చేయనక్కరలేదు.

అసలు విచారించవలసిన భేదం మరొకటి. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నిర్మించిన ‘మాయాబజార్’ (1957)లో కథానాయిక శశిరేఖ. వ్యాసభారతంలో ఆమె లేదు. అయినా కథ నిలబడింది. పాండవులు అరణ్యవాసంలో ఉన్న కాలంలో సుభద్ర, అభిమన్యుడు ద్వారకలో ఉన్నారని మూలమే చెబుతుంది. ఆ ఏళ్లలో అక్కడేం జరిగిందో చెప్పడంలో మూలం ఉదాసీనంగా ఉంది. కల్పన ఆ ఖాళీలో ప్రవేశించింది. పాండవులు తెరమీద కనబడకపోవడం కూడా ఈ జాగ్రత్తకు అనుకూలించింది. తరువాతి పర్వాలలో శశిరేఖ ఊసు లేకపోవడం ఒక మౌనమే గాని ఖండన కాదు.

‘ది ఎల్డర్ స్క్రోల్స్’ గేముల పరంపర ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. వీటి కథలు టామ్రియల్ అనే ఖండంలో జరుగుతాయి. 1998 నాటి ‘రెడ్‌గార్డ్’ గేమ్‌తో పాటు అందించిన ‘పాకెట్ గైడ్ టు ది ఎంపైర్’ అనే చిరుగ్రంథం, ఆ ఖండం నడిబొడ్డున ఉన్న సిరోడీల్‌ను దట్టమైన ఉష్ణమండల అరణ్యాల సీమగా వర్ణించింది. 2006లో ‘ఆబ్లివియన్’ ఆ సీమలోనే జరిగింది. ఆటగాడు అడుగుపెట్టి చూస్తే ఐరోపాను తలపించే సమశీతోష్ణ వనాలు, పచ్చికబయళ్లు! ఇక్కడ కల్పన ఖాళీని పూరించలేదు. చెప్పినదాన్ని చెరిపి రాసింది.

ఆసక్తికరమైన విషయం దిద్దుబాటులో ఉంది. 2011 నాటి ‘స్కైరిమ్’లో ఒక మతప్రచారకుడు నడివీధిలో చేసే ప్రసంగం ప్రకారం, సైనికులు అడవివల్ల పడిన బాధ చూసి తాలోస్ తన మహిమతో ఆ నేలను మార్చాడు. స్థలపురాణాలు ఎరిగిన వారికి ఈ పద్ధతి సుపరిచితం. కాని 2014లో వచ్చిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ కథ, తాలోస్ కంటే ముందటి కాలంలో, ఆ లోకపు ద్వితీయ యుగం 582వ సంవత్సరంలో జరుగుతుంది. అప్పటికే సిరోడీల్‌లో అరణ్యం లేదు. మహిమ జరగకముందే ఫలితం కనిపించింది! అందుకే ఆ గేమ్‌లోని ఒక పుస్తకంలో లేడీ సినబార్ అనే పండితురాలు, పాత గ్రంథంలోని అరణ్యప్రస్తావన కేవలం లేఖకదోషమని వాదిస్తుంది. దేవుడు తీర్చలేని చిక్కును పాఠపరిష్కర్త చేతికి అప్పగించారన్నమాట.

తాళపత్రాల పాఠాంతరాలతో కుస్తీపట్టే తెలుగు పరిశోధకుడు ఇక్కడ ఆగి తేదీలు చూడక మానడు. ‘పాకెట్ గైడ్’ మన లోకంలో ముందు అచ్చయినా, కథలోకంలో దాని రచనాకాలం ద్వితీయ యుగం 864. అంటే సినబార్ కాలానికి 282 ఏళ్ల తరువాతిది. కనుక ఆమె తప్పుపట్టిన గ్రంథం ఇది కాజాలదు. పైగా ఇది సామ్రాజ్యపు ఘనతను చాటడానికి రాసిన పుస్తకం. దాని అంచుల్లో ఒక పరాయి పాఠకుడి ఎత్తిపొడుపు వ్యాఖ్యలు కూడా అచ్చయ్యాయి. అందులో అరణ్యం ఎట్లా నిలిచింది? సవరణ అందని పాత ప్రతిని చూసి రాశారా, ప్రచారకుడు చెప్పినట్లు ఆనాడు నిజంగానే అడవి ఉండి తరువాత మాయమైందా? రెండో ఊహను అంగీకరిస్తే 582లో కనిపించిన వనాలకు మళ్లీ కారణం వెదకాలి. ఆ లోకపు ఆగమం ఈ రెండు పాఠాలనూ అట్లే ఉంచింది.