రైలెక్కువారిని లెక్కించుట



మా మంగినపూడి తీరమునకు కార్తిక పూర్ణిమనాడును, మాఘ పూర్ణిమనాడును సముద్రస్నానార్థమై జనము తండోపతండములుగా వచ్చుదురు. ఆనాడు బందరు స్టేషనులో నిలిచి లెక్కపెట్టువానికి ఈ ఊరికి పది బండ్లు అదనముగా వేసినను చాలవని తోచును. మూడవనాడు అదే చోట నిలిచి లెక్కపెట్టువానికి ఉన్న బండ్లే ఎక్కువని తోచును. ఇద్దఱును కన్నులార చూచినదే చెప్పుచున్నారు. అయినను ఇద్దఱి మాటలో ఏ ఒక్కదానిని నమ్మి రైలు వేసినను నష్టమే. ఒక మార్గమున ఎందఱు ప్రయాణము చేయుదురో ముందుగా చెప్పుట ఎంత కష్టమో దీనివలన తెలియగలదు. ఈ అంచనా కట్టుట నేడొక శాస్త్రమై, ఒక వృత్తియై పెరిగినది. దానినిగుఱించి నాకు తెలిసినంతవఱకు విన్నవించెదను.

ముందుగా మన ప్రాంతపు స్థితిని మనసున నిలుపుకొనవలెను. బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరువఱకు రైలు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములోనే వచ్చినది. మొదట అది మీటరుగేజి. పిమ్మట బ్రాడుగేజి అయినది. ఇటీవల విద్యుత్తుతో నడచుచున్నది. కృష్ణకు ఆవలి ఒడ్డున తెనాలినుండి రేపల్లెవఱకు మఱియొక మార్గము 1916లో ఏర్పడినది. ఈ రెండు మార్గములును సముద్రమువైపు చేతులు చాచి, ఒకదానినొకటి అందుకొనలేక ఆగిపోయినవి. నడుమ దివిసీమయు, కృష్ణానదియు ఉన్నవి. బందరునుండి రేపల్లెకు సూటిగా 40 కిలోమీటర్లకు లోపే. రైలుమీద పోదలచినవాడు గుడివాడ, విజయవాడ, తెనాలి చుట్టి సుమారు 145 కిలోమీటర్లు పోవలెను. ఈ రెండు కొసలను కలుపవలెనని మన జిల్లావారు చిరకాలముగా కోరుచున్నారు. కోరిక న్యాయమైనదే. అయినను రైలువారి ప్రశ్న ఒక్కటే: ‘వేసినచో ఎందఱెక్కుదురు?’

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకే రాకపోకల సర్వే చేయుదురు. దీనిని కొన్నియెడల రైల్వే శాఖవారే చేసికొందురు. కొన్నియెడల సలహాసంస్థలకు ఒప్పగింతురు. అట్టి సంస్థలలో రైల్వే మంత్రిత్వశాఖ క్రింద 1974లో ఏర్పడిన రైట్సు ప్రసిద్ధమైనది. వీరి నివేదికలో చివరకు తేలు సంఖ్యనుబట్టి రాబడి, రాబడినిబట్టి పెట్టుబడిపై ప్రతిఫలము లెక్కింతురు. మన దేశమున ఈ ప్రతిఫలము నూటికి 14 వంతులు ఉండవలెనని చిరకాలము నియమముండెడిది. ఆ మెట్టు ఎక్కలేని మార్గములు కాగితముమీదనే నిలిచిపోయెడివి. కావున ఒక సీమ భవితవ్యము తఱచుగా ఈ సంఖ్యమీద ఆధారపడియుండునని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఆ సంఖ్యను ఎట్లు కట్టుదురు? మొదటి మెట్టు, నేడు ఎవరు ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నారో తెలిసికొనుట. టికెట్టు పుస్తకములు చూచిన చాలదా అని మీరడుగవచ్చును. చాలదు. గుడివాడలో కొనిన టికెట్టు ఆ మనుష్యుడు గుడ్లవల్లేరునుండి వచ్చెనో, కౌతరమునుండి వచ్చెనో చెప్పదు. బస్సెక్కినవానిని, మోటారు సైకిలుమీద పోయినవానిని అసలే ఎఱుగదు. అందుచేత లెక్కకులు బస్టాండులలోను, పులిగడ్డ వారధివంటి దారికట్లయొద్దను నిలిచి, ‘ఎచ్చటినుండి? ఎచ్చటికి? ఏ పనిమీద? ఎంత ఖర్చు?’ అని అడిగి వ్రాసికొందురు. సంక్రాంతి దినములు, పెండ్లి ముహూర్తములు, తీర్థములు గల దినములు వేఱుగ నుంచి, సామాన్యమైన దినములను ఎన్నుకొందురు. వారములో ఏ దినమున ఎంత, ఏ నెలలో ఎంత అను నిష్పత్తులు కట్టి, ఒకనాటి లెక్కను సంవత్సరపు లెక్కగా మార్చుదురు.

రెండవ మెట్టు, రెండు ఊళ్లనడుమ సహజముగా ఎంత రాకపోక యుండవలెనో ఊహించుట. ఆస్ట్రియాదేశపు ఎడ్వర్డు లిల్ అను రైల్వే ఇంజనీరు వియన్నానుండి పోవు ప్రయాణీకుల లెక్కలు పరిశీలించి 1891లో ఒక సూత్రము ప్రకటించెను. ఊళ్లు పెద్దవగుకొలది రాకపోక హెచ్చును. దూరము పెరుగుకొలది అది త్వరత్వరగా తగ్గును. న్యూటను గురుత్వాకర్షణ సూత్రమునకు ఇది చెల్లెలివంటిది. కాని ఇచ్చట దూరమనగా మైలురాళ్ల దూరము కాదు. పట్టు కాలము, అగు వ్యయము, పడు శ్రమ. పులిగడ్డ–పెనుమూడి వారధి లేనినాడు అవనిగడ్డవారికి రేపల్లె కంటికెదురుగా నున్నను, పడవ దొరకువఱకు పరదేశమే. వారధి పడిన పిమ్మట భూమి జరుగలేదు, ఊళ్లు దగ్గఱయైనవి. కావున నది అడ్డముగా నున్ననాటి రాకపోకలను లెక్కించి, వారధి పిమ్మటి రాకపోకలను చెప్పబూనుట వరదకు ముందు కాలువ లోతు కొలిచి వరదనీటిని చెప్పుటవంటిది.

మూడవ మెట్టు మిక్కిలి సూక్ష్మమైనది. ప్రయాణము చేయువారిలో బస్సును విడిచి రైలెక్కువారు ఎందఱు? మనుష్యుడు టికెట్టు వెలనొక్కదానినే చూడడు. ఇంటినుండి స్టేషనుకు పోవుట, బండికొఱకు కాచుట, దిగిన పిమ్మట మఱల ఆటో పట్టుట, ఇవన్నియు మనసులోనే కూడుకొనును. బండిలో కూర్చున్న పది నిమిషములకంటె ఎండలో కాచియున్న పది నిమిషములు బరువైనవి. ఈ బరువులను గణితమున నిలుపు పద్ధతిని అమెరికాలో డేనియల్ మెక్‌ఫాడెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు అభివృద్ధిచేసెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1972లో క్రొత్త రైలుమార్గము తెఱచినపుడు, పనికి పోవువారిలో నూటికి 15 మంది దానినెక్కుదురని అధికారుల అంచనా. నూటికి 6.3 అని మెక్‌ఫాడెన్ బృందము లెక్క కట్టినది. తుదకు ఎక్కినవారు నూటికి 6.2. ఈ మార్గమున చేసిన కృషికే ఆయనకు 2000లో నోబెలు బహుమానము లభించినది.

ఇప్పుడొక స్వవిషయము చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరములక్రిందట ఒక సలహాసంస్థ తరపున ఒక యువకుడు కాగితములు పట్టుకొని మా ఊరు వచ్చెను. అతడు వచ్చునని ముందే తెలిసి, క్రిందటి రాత్రి పెద్దలు మా అరుగుమీద చేరిరి. ‘మాస్టారూ, మీ మాట అందఱూ వింటారు. రైలు కావాలంటే లెక్క గట్టిగా ఉండాలి’ అనిరి. నేనును సరేయంటిని. వారమునకు రెండుమార్లు రేపల్లెవైపు పోవుదుమనియు, రైలున్నచో దినదినమును పోవుదుమనియు చెప్పవలసినదని ఇంటింటికి కబురంపితిని. మఱునాడు ఆ యువకుడు మొదట నాయొద్దకే వచ్చెను. నేను చెప్పినది వ్రాసికొని, వినయముగా, ‘మాస్టారూ, పోయిన నెలలో మీరు వెళ్లిన తేదీలు గుర్తున్నవి చెప్పండి’ అనెను. కన్ను చూపించుకొనుటకు గుడివాడ పోయిన ఒక్క తేదీ తప్ప నాకు తోచలేదు. అతడు నన్నేమియు అనలేదు. ఆ గడిలో ఒకటి అని వ్రాసికొనెను. పిల్లలకు సత్యము చెప్పవలెనని ముప్పది సంవత్సరములకుపైగా బోధించిన నాకు ఆ ఒక్క అంకె బెత్తపుదెబ్బవలె తగిలినది.

ప్రక్కయింటి ముసలమ్మ మాత్రము నా కబురు లక్ష్యపెట్టలేదు. ఆమె కూతురు రేపల్లెలో కాపురమున్నది. ‘ఏడాదికొకసారి పోతాను నాయనా. బస్సులు మారలేను. రైలుంటే రెండు మూడుసార్లు పోతానేమో. కాని స్టేషను దాకా నన్నెవరు తీసుకుపోతారు?’ అనినది. నా పదిపాళ్ల అబద్ధముకంటె ఆమె నాలుగు వాక్యములు లెక్కకు ఎక్కువ పనికివచ్చినవి. నేడెంత, వీలున్నచో ఎంత, ఆ వీలునకు అడ్డమేది, ఈ మూడును అందులోనున్నవి.

నావంటివారు లోకమందంతటను ఉన్నారు. ఫ్లూబియా మొదలగు పరిశోధకులు వివిధ దేశముల 27 రైలు పథకములను పరిశీలించి 2005లో ఫలితములు ప్రకటించిరి. సగటున నూఱుమంది వత్తురని చెప్పినచోట వచ్చినవారు 49 మందియే. రైలు కావలెననువారు లెక్కను పెంచుదురు. లెక్క కట్టువాడు తనకు పని ఇచ్చినవాని ముఖము చూచును. సలహా చెప్పువాడు వైద్యునివంటివాడు. రోగి కోరిన పథ్యమునే వ్రాసియిచ్చు వైద్యుడు ఎవరికి మేలు చేయును? పెంచిన లెక్కతో వేసిన రైలు నిండక, ‘ఇచ్చట జనము లేరు’ అను అపకీర్తి ఆ ఊరికి మిగులును. తరువాత వారు నిజముగా అడిగినను వినువారుండరు.

దీనికి ఎదురైన తప్పును మఱువరాదు. కాకినాడ–కోటిపల్లి మార్గము 1928లో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1940లో పట్టాలు ఊడదీసిరి. మఱల 2004లో వేసిరి. పిమ్మట చాలకాలము దానిమీద ఒక చిన్న రైలుబస్సు మాత్రము నడచెడిది. అట్టి బండిలో ఎక్కినవారిని లెక్కించి ఆ సీమ అవసరము ఇంతేయనుట న్యాయమా? వేళకు బండి లేనిచోట జనము రాకపోవుట కోరిక లేకపోవుట కాదు. దినమునకొకమాఱు తెఱచు అంగడిలో బేరము లేదని వగచినట్లుండును.

భవిష్యత్తు సంగతి ఇంకను జటిలము. బందరు పోర్టు నిర్మాణము మా తీరముననే 2023లో ప్రారంభమైనది. 2016లో జరిగిన కృష్ణాపుష్కరములు మఱల 2028లో రావలెను. పుష్కరము పన్నెండేండ్లకు పన్నెండు దినములు. దానికై ప్రత్యేకపు బండ్లు చాలును. రేవు వలన కలుగు కొలువులు నిత్యములు; కాని అవి ఎంత త్వరగా వచ్చునో ఎవరును ప్రమాణము చేయలేరు. కావున నిజాయితీగల అంచనా ఒక్క సంఖ్య చెప్పదు. రేవు వేగముగ పెరిగిన ఇంత, నెమ్మదిగ పెరిగిన ఇంత, పెరుగకున్న ఇంత అని మూడు సంఖ్యలు చెప్పి, ప్రతిదానికి తన ఆధారము చూపును.

అట్లైన నిండని రైలు ఎన్నడును వేయరాదా? నా అభిప్రాయము అది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. వేలకొలది జనము ఒక్క రాత్రిలో పోయిరి. అట్టి సీమకు దారి ఎంత విలువైనదో టికెట్టు రాబడి చెప్పజాలదు. ఆసుపత్రికి వేళకు చేరిన రోగి, కళాశాల మానని బాలిక, కూతుఱిని చూచుకొనిన తల్లి, వీరి లాభము రైల్వే ఖాతాలో పడదు. దేశపు ఖాతాలో పడును. అందుకే మంచి నివేదిక రాబడి లెక్కను, ప్రజాప్రయోజనపు లెక్కను వేఱువేఱుగ వ్రాయును. నిండని రైలును ప్రజాహితమునకై వేయవచ్చును. నిండునని బొంకి వేయరాదు. మొదటిది ధర్మము, రెండవది ఋణము.

కావున శ్రోతలారా, మీ గుమ్మమునకు కాగితము పట్టుకొని లెక్కకుడు వచ్చినపుడు విసుగుకొనక కూర్చుండబెట్టుడు. పోయిన నెలలో ఎచ్చటికి ఎన్నిమార్లు పోయితిరో చెప్పుడు. పోవలసియుండియు పోలేకపోయినది ఎన్నిమార్లో, ఏల పోలేకపోయితిరో అదియు చెప్పుడు. అతడు అడుగకపోయినను చెప్పుడు. రైలును రప్పింపగల సాక్ష్యము అదియే. ఆ యువకుడు మఱల మా ఊరు వచ్చినచో నా మొదటి జవాబు దిద్దుకొనవలెనని కాచియున్నాను.