మీకు తెలుసా? మూలపడ్డ టైలోనే జాకెట్టు పైపింగ్ ఉంది!

మెడకు కట్టే టైని సాధారణంగా నిలువు పోగుల వెంట కత్తిరించరు. బట్టను ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కోస్తారు. న్యూయార్క్‌లో టైలు తయారుచేసే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920లలో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ముడి విప్పాక టై మళ్లీ తిన్నగా వేలాడేది ఈ కోత వల్లే.

మన దర్జీలు జాకెట్టు మెడకు వాడే ‘క్రాస్ పీస్’ కూడా ఇదే కోత. అంటే బీరువాలో వాడకుండా పడున్న పట్టు టై, పైపింగ్‌కు సిద్ధంగా ఉన్న మేలైన గుడ్డ! వెనక నడిమధ్యనున్న పొడవాటి కుట్టు విప్పితే లోపలి దళసరి గుడ్డ ఊడి వస్తుంది. పట్టుపై పలుచని బట్ట పరిచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేసి, పొడవునా పట్టీలు కోసుకోవడమే. ఇస్త్రీ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. వేడెక్కువైతే పట్టు పాడవుతుంది.

ఉన్న బట్టను ఇలా మార్చి వాడుకోవడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, బ్రిటన్‌లో బట్టలకు రేషన్ పెట్టారు. 1943లో ప్రభుత్వమే ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే చిన్న పుస్తకం అచ్చువేసి, ఉన్న బట్టలనే మార్చి కుట్టుకోవడం జనానికి నేర్పింది.

టై విప్పే ఓపిక లేదా? వెడల్పు కొస నుంచి సుమారు 40 సెంటీమీటర్లు కత్తిరించండి. కోసిన అంచును లోపలికి మడిచి కుట్టి, ఆ అంచును మొన మొదలయ్యే చోటిదాకా మడిచి రెండు పక్కలా కుడితే కళ్లద్దాల సంచి తయారు. మొనదేలిన కొసే దానికి మూత. ఒక్క టిచ్ బటన్ కుడితే చాలు.